అక్క చూసి చెప్పిన మాట

ఆసుపత్రిలో మా అక్కను భూతద్దమ్మ అనేవారు. పెట్టినవాళ్లకు అదేదో గొప్ప చమత్కారం అనిపించి ఉంటుంది. అక్క మాత్రం పదకొండేళ్లు ఆ పేరుకు నవ్వుతూనే పలికింది. మానసిక రోగుల వేళ్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడటం ఆవిడ ఉద్యోగం. స్కిజోఫ్రెనియా, అంటే లేని మాటలు వినిపించే జబ్బు, ఉన్నవాళ్లలో కొందరికి గోరు మొదట్లో, చర్మం కింద ఉండే సన్నటి రక్తనాళాలు చిక్కుపడ్డ వలలా పైకి కనిపిస్తాయట. మామూలుగా అయితే అవి హెయిర్‌పిన్నులు వరసగా గుచ్చినట్టు ఉంటాయి. దాని మీదే పెద్ద డాక్టరుగారి పరిశోధన.

చల్లటి వేళ్లలో నాళాలు సరిగ్గా కనబడవు. అందుకని అక్క ముందు రోగి చేతులను తన చేతుల్లోకి తీసుకుని వెచ్చబెట్టేది. తర్వాత గోటి మొదట్లో ఒక చుక్క నూనె వేసి, వేలిని సూక్ష్మదర్శిని కింద చెక్కలో తొలిచిన గాడిలో ఆనించేది. "ఊపిరి బిగబట్టకండి బాబూ, ఇదేం పెళ్లిఫోటో కాదు" అని నవ్వించేది. ప్రతి రిపోర్టు కాగితం అడుగునా తన చేత్తోనే ఒక వాక్యం రాసేది: దీన్నిబట్టి జబ్బు ఉందనిగానీ లేదనిగానీ చెప్పరాదు. ఆ వాక్యం తప్పితే డాక్టరుగారు ఒంటికాలి మీద లేచేవారు. ఎందుకంటే వల కనబడని రోగులు బోలెడుమంది, కనబడినా నిక్షేపంలా ఉన్నవాళ్లూ ఉన్నారు.

అన్ని వందలసార్లు రాసిన ఆ వాక్యాన్ని అక్క సొంత తమ్ముడి దగ్గర మరిచిపోయింది.

మా తమ్ముడు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆ ఏడాది పని పక్కన పడేసి, గోడకు చెవి ఆనించి గంటలకొద్దీ కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను కసిరాను. ఒక ఆదివారం తనంతట తనే అక్క దగ్గరకు వచ్చాడు.

"అక్కా, పక్కింటివాళ్లు రోజంతా నా గురించే మాట్లాడుకుంటున్నారు. నాకేమన్నా అయిందేమో, ఓసారి చూడవూ?"

వాడు అంత తేలిగ్గా నోరు విప్పే రకం కాదు. ఎంత ధైర్యం కూడగట్టుకుని అడిగాడో! డాక్టరుగారి గది, అక్క గది ఒకే వరండాలో ఉన్నాయి. మధ్యలో నాలుగు తలుపులు, అంతే. మర్నాడు అక్క వాణ్ణి తన గదికే తీసుకెళ్లింది. పది వేళ్లూ చూసింది. ఎక్కడా వల లేదు, అన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. వాడికి కూడా చూపించింది.

"చూశావా? నీకేం లేదురా. పనీపాటా లేక బుర్ర పాడుచేసుకుంటున్నావ్. వెళ్లి ఆ మిషన్ల సంగతి చూసుకో."

ఇంటికొచ్చి నాకు చెబుతూ సంతోషంతో ఏడ్చేసింది. నా గుండెల మీంచి కూడా బరువు దిగింది. నమ్మితే హాయిగా ఉంటుంది కాబట్టి నమ్మేశాం. ఆ కాగితాల అడుగున ఏం రాస్తుందో నాకూ తెలుసు. అయినా అడగలేదు. అందుకే అక్కనొక్కదాన్నే తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

వాడు మళ్లీ ఆ ఊసెత్తలేదు. తగ్గిపోయిందనుకున్నాం. పద్నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం సుత్తి తీసుకుని పక్కింటి గోడ పగలగొట్టబోయాడు. ఇటుకలు మీద పడి పాదం నుజ్జయింది. కట్టు కట్టించి, అప్పుడు తీసుకెళ్లాం డాక్టరుగారి దగ్గరకు.

"ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదయ్యా?" అని అడిగారాయన.

తమ్ముడు వింతగా చూశాడు. "అక్కకి చెప్పానుగా సార్. అప్పటిదాకా ఇదంతా నా బుర్రలోదేనేమోనని నాకూ అనుమానంగానే ఉండేది. అక్క ఆ భూతద్దం మిషన్లో నా వేళ్లు చూసి జబ్బు లేదంది. జబ్బు లేదంటే, పక్కింటివాళ్లు నిజంగా అంటున్నట్టేగా?"

ఆ గొంతులో నింద లేదు. ఉండి ఉంటే బాగుండునని నాకు అనిపించింది. డాక్టరుగారు అక్క వైపు చూడలేదు, అది ఆయన మంచితనం. అక్క కుర్చీలోంచి లేచి వాడి పక్కన నేల మీద కూలబడింది.

"తప్పు నాదిరా. చెప్పకూడని మాట చెప్పాను."

వాడు కంగారుపడి ఆవిడ భుజం పట్టుకుని లేపబోయాడు.

"నువ్వేం తప్పు చెప్పావక్కా? సరిగ్గానే చూశావు. నాకేం లేదని ఈయనక్కూడా చెప్పు. నువ్వు చెబితే వింటారు."