కృష్ణగిరి నుంచి తెచ్చుకున్న మాత్ర

ఆ బుధవారం రాత్రి మా చిన్నది ఎప్పటిలా వాళ్ళ నాన్న కంచంలో చెయ్యి పెట్టబోతే, ఆయన కంచం వెనక్కి లాక్కున్నారు. నాకు భయం పుట్టింది సరిగ్గా అప్పుడే. పిల్లలు పడుకున్నాక చెప్పారు. ఫ్యాక్టరీలో రక్తదానం చేశాక రక్తనిధి వాళ్ళు పిలిపించారట. మళ్ళీ పరీక్ష చేస్తే హెచ్ఐవి అని తేలిందట. ఎలా వచ్చిందో కూడా చెప్పారు. అది ఇక్కడ రాయను. ఒకే కంచంలో తింటే రాదని నేను చదువుకున్నదే, ఆ రాత్రి మాత్రం గుర్తుకు రాలేదు.

ఆయన మందులు మొదలుపెట్టారు. నా పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆయన రక్తంలో వైరస్ బాగా తగ్గేదాకా నేనూ రోజుకో మాత్ర వేసుకుంటే నాకు రాకుండా ఉంటుందని డాక్టరు చెప్పారు.

"నేను వేసుకుంటా ఉండాను కదా, నీకెందుకు? ఎవురన్నా చూస్తే నీకూ ఉందనుకుంటారు," అన్నారు ఆయన. ఆ మాట పట్టుకుని చాలా రోజులు కూర్చున్నాను.

చివరికి వేసుకోవాలనే అనుకున్నాను. ఆ మాత్ర మా హోసూరులోనే అడగవచ్చు. కానీ ఇక్కడ ఆస్పత్రి గేటు దగ్గర ఎవరో ఒకరు తెలిసినవాళ్ళు తగులుతారు. అందుకే సోమవారం పిల్లల్ని బడికి పంపి, తొమ్మిదింటికి కృష్ణగిరి బస్సు ఎక్కాను. పక్క సీట్లో అత్తిముగం ఊరి పెద్దామె, ఒళ్ళో ఖాళీ పూలగంప.

"యాడికమ్మా?"

"కృష్ణగిరికి. చుట్టాలింటికి."

"వట్టి చేతులతోనా? నాలుగు పండ్లన్నా లేకుండా పోతే ఏమనుకుంటారమ్మా?"

దారిలో సూళగిరిలో ఆమె దిగేదాకా నేను కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను.

పదిన్నరకు కృష్ణగిరిలో దిగి, షేర్ ఆటోలో ఆస్పత్రికి చేరాను. కౌన్సెలింగ్ గది బయట మొదటి బెంచీ మీద మునెమ్మ కూర్చుని ఉంది. మా వీధిలో దోసెపిండి అమ్మేది ఆమే. ఇద్దరం బిగుసుకుపోయాం. ముందు ఆమే నవ్వింది.

"నువ్వూ ఈడికే వచ్చినావా అమ్మా? హోసూరోళ్ళంతా ఈడికి, ఈడోళ్ళంతా హోసూరికి. బస్సులోళ్ళకే లాభం."

ఆమె చాలా ఏళ్ళుగా మందులు వాడుతోందట. గొంతు తగ్గించి, "వీధిలో తెలిస్తే నా పిండి ఒక్కరూ కొనరు. చెప్పొద్దమ్మా," అంది. చెప్పనన్నాను. కానీ ఆ ఉదయం పిల్లలు తిన్న దోసెలు ఒక్క క్షణం నా మనసులో మెదిలాయి. చదువుకున్న నాకే అలా అనిపిస్తే, నా మాత్ర చూసినవాళ్ళకు ఏమనిపిస్తుందో ఊహించుకోగలను.

కౌన్సెలర్ చిన్న వయసు అమ్మాయి. తమిళంలో మొదలుపెట్టి, నా యాస విని తెలుగులోకి మారింది. హెచ్ఐవి పరీక్ష మళ్ళీ చేశారు. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో, కామెర్ల వైరస్ ఏమైనా ఉందో చూడటానికి కూడా రక్తం తీశారు.

"మాత్రలు యాడ పెడతారక్కా?"

"బియ్యం డబ్బాలో. ఎవరికీ కనపడకుండా."

"అప్పుడు మీకూ కనపడవు. ఒక పూట మరిచిపోతారు, తరవాత రెండు రోజులు, ఆమీట వదిలేస్తారు. ఈడ చానామంది అట్లే నిలిపేసినారు. కండోమూ ఉండాల, మాత్రా ఉండాల, మూడు నెల్లకోసారి పరీక్షా ఉండాల."

బయట మెస్సులో మునెమ్మతో కలిసి సాంబారన్నం తిన్నాను. మూడింటికి ఫలితాలు వచ్చాయి. నాకు హెచ్ఐవి లేదు, మిగతావీ బాగున్నాయి. డాక్టరు మాత్రలు రాసిచ్చారు. మందుల షాపతను చీటీ చూసి, నన్ను చూసి, "మీకేనా?" అన్నాడు. నాకేనన్నాను.

బస్టాండులో మునెమ్మ వెనక్కి తగ్గింది. "నువ్వు ముందు పో. ఇద్దరం ఒకేసారి దిగితే వీధిలో అందరూ అడుగుతారు."

తిరుగు బస్సులో నిలబడే వచ్చాను. నాలా వెళ్ళాలనుకునేవారికి ఒక మాట. మందు కోసం అంత దూరం పోనక్కరలేదు, ముందు మీ ఊళ్ళోనే అడగండి. నేను పోయింది ముఖం దాచుకోవడానికి. అక్కడ కూడా దాగలేదు.

మరునాడు ఉదయం మాత్రను అందరిముందూ కంచం పక్కన పెట్టుకున్నాను. ఆయన చూశారు. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. పెద్దవాడు, విన్నదల్లా వీధంతా చెప్పి వచ్చేవాడు, "నీకు జరమా అమ్మా?" అన్నాడు.

"జబ్బేమీ లేదు నాయనా. రాకుండా ఉండాలని వేసుకుంటా ఉండాను. నేను మరిచిపోతే నువ్వూ చెల్లీ అడగాల."