గొలుసు ప్రార్థనలో అవ్వ వంతు

మా సంఘం వాళ్లకు ప్రార్థన మీద కంటే బగారన్నం మీద భక్తి ఎక్కువ. ఈ మాట నేను చాటుగా అనడం లేదు. వాళ్ల మొహం మీదే అన్నాను, పాస్టరయ్యగారు వింటుండగానే అన్నాను. అప్పటి నుంచి స్త్రీల సమాజంలో నాకు గయ్యాళి అనే పేరు ఖాయమైపోయింది. నాకేం బాధ లేదు. కరీంనగర్‌లో ఇన్నేళ్లుగా ఆసుపత్రి నర్సుగా చేస్తున్నదాన్ని, రోగుల చుట్టాల నోట ఇంతకంటే పెద్ద బిరుదులే విన్నాను.

శుక్రవారం సాయంత్రం ఇంటి ప్రార్థన అనేది మాకు మిషన్ దొరసానుల కాలం నుంచి ఉన్న అలవాటు. వారానికొకరి ఇంట్లో కూడుతాం. అవ్వ, అంటే మా అమ్మ, వయసులో ఉన్నప్పుడు, ధర్మపురి దిక్కు మా ఊళ్లో, నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లు బురద కాళ్లతోనే ఎవరో ఒకరి వాకిట్లో కూర్చునేవారట. ప్రార్థన అయ్యాక చెంబెడు మంచినీళ్లు ఇస్తే తాగి, ఇళ్లకు పోయి పొయ్యి ముట్టించుకునేవారు. పట్నం వచ్చాక ఆ నీళ్లు చాయ్ బిస్కెట్ అయ్యాయి. ఎవరో కొత్తిల్లు కట్టుకున్న సంబరంలో మిర్చీలు పెట్టారు. తర్వాతి ఇంటామె మిర్చీలకు తగ్గితే పరువు పోతుందని ఉప్మా కూడా చేసింది. ఇప్పుడు బగారన్నం, కోడికూర, పెరుగు చట్నీ, ఆ పైన ఏదో ఒక తీపి. పోయిన శుక్రవారం ఏ వాక్యం చదివారో అడగండి, ఒక్కరికీ గుర్తుండదు. కూరలో ఉప్పెక్కువైన సంగతి మాత్రం క్రిస్మస్ దాకా చెప్పుకుంటారు.

ఈ పోటీకి పెద్దదిక్కు మా వదినె. సొంత వదినె కాదు, సంఘంలో మా ఈడు వాళ్లందరికీ వదినె. ఎవరింట్లో ప్రార్థన ఉంటే వాళ్లకు ముందురోజే ఫోన్ చేసి, ఏం వండుతున్నారో కనుక్కుంటుంది. తక్కువైందనిపిస్తే సలహా ఇస్తుంది. ప్రార్థన మొదలయ్యే ముందు నేరుగా వంటింట్లోకి వెళ్లి మూతలు తీసి చూస్తుంది. ఆమెను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఇప్పటికీ.

మా అవ్వ సంగతి వేరు. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పటి నుంచి ఆమె చర్చి గడప తొక్కలేదు. చెవులు అంతకు ముందే పోయాయి. ఇక ఆమెకు మిగిలింది ప్రార్థన ఒక్కటే. కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకుందంటే ఇంటి మీద పిడుగు పడ్డా తెరవదు. నా చిన్నప్పుడు ఒకసారి మా బాపు, అవ్వ ఇద్దరూ వాకిట్లో మోకరించి ఉండగా మేక వచ్చి చాటలో ఆరబోసిన జొన్నలన్నీ తినేసింది. ప్రార్థన మధ్యలో లేవకూడదు కాబట్టి బాపు పళ్లు కొరుక్కుంటూ ఆ మేకనే చూస్తూ ఉన్నాడు. ఆమెన్ కాగానే అవ్వ మీద విరుచుకుపడ్డాడు. అవ్వ చాట ఎత్తి దులుపుతూ, "మేకను చూసుకుంట నువ్వుంటివి గదా. ఇద్దరం చూసుడెందుకు?" అంది. నాది అచ్చం బాపు పోలిక.

మా ఇంటి వంతు వచ్చినప్పుడు నేను వచ్చినవాళ్లకు మంచినీళ్లు తప్ప ఇంకేమీ పెట్టనని అవ్వతో తెగేసి చెప్పాను. తిండికి వచ్చేవాళ్లు రాకపోతేనే మంచిదన్నాను. అవ్వ వద్దంది.

"తిండికే రానీ బిడ్డా. ఎట్లనన్న రానీ. అందరొస్తెనే గొలుసుల నా వంతు వస్తది."

గొలుసు ప్రార్థన అంటే, అందరూ గుండ్రంగా కూర్చుని కళ్లు మూసుకుంటారు. ఒకరు ప్రార్థన చేసి, అయ్యాక పక్కవారి చేతిని ముట్టుకుంటారు. ముట్టుకున్నప్పుడే వాళ్లు మొదలుపెట్టాలి. అట్లా చుట్టూ తిరిగి వస్తుంది. ఎవరూ కళ్లు తెరిచి నీ వంతా నా వంతా అని చూసుకోవలసిన పని లేదు. చెవులు లేని అవ్వకు సంఘంతో మిగిలిన దారి ఆ చేతి స్పర్శ ఒక్కటే. నలుగురి మధ్య కూర్చుని వాళ్ల కోసం ప్రార్థించాలని ఆమె ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తోంది. ఇంకో ఏడు మా ఇంటి వంతు వచ్చేసరికి తను ఉంటానన్న నమ్మకం ఆమెకు లేదు. నర్సును కాబట్టి నాకూ లేదు.

ఆ వారమంతా నేను డ్యూటీ నుంచి రాగానే అవ్వ ఒక్కొక్కరి సంగతీ అడిగింది. ఎవరికి ఏం కష్టం, ఎవరింట్లో ఎవరికి బాగాలేదు. నేను ఆమె చెవి దగ్గర నోరుపెట్టి అరిచి చెప్పేదాన్ని. మా సంఘం కష్టాలన్నీ పక్కింటి వాళ్లకు కూడా కంఠతా వచ్చి ఉంటాయి. అన్నీ విని, అవ్వ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ ఒక్కొక్కటి వరుసలో పెట్టుకునేది. శుక్రవారం పొద్దున, తన తర్వాత నేను కూర్చోవాలని, గొలుసు నాతో అయిపోవాలని చెప్పింది. సరేనన్నాను.

సాయంత్రం అవ్వ మంచాన్ని లోపలి గదిలోంచి హాలు గడప దాకా జరిపి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. ఉతికిన చీర కట్టాను. ఆమె మాట కాదనలేక బగారన్నం పొయ్యి మీద పెట్టాను. అందరూ వచ్చారు. వదినె వంటింట్లోకి వచ్చి గంజు మూత తీసి, అన్నం ఇంకా మగ్గాలని, చల్లారితే బగారన్నం బాగుండదని చెప్పి, నన్ను పొయ్యి దగ్గరే ఉండమంది. తను వెళ్లి అవ్వ పక్కన కూర్చుంది. నాకు కోపం వచ్చినా అన్నం మాడుతుందేమోనని అక్కడే నిలబడ్డాను. వంటింటి గుమ్మంలోంచి హాలంతా కనిపిస్తూనే ఉంది.

అయ్యగారు వాక్యం తొందరగానే ముగించారు. గొలుసు సంఘ పెద్దతో మొదలైంది. ఈయన ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, దేవుడికి కూడా అర్జీ పెట్టినట్టే ప్రార్థిస్తాడు. కలెక్టర్‌తో మొదలుపెట్టి, మంత్రుల మీదుగా, యుద్ధాలు జరిగే దేశాల దాకా పోయాడు. మధ్యమధ్యలో కళ్లు తెరిచి గడియారం చూసుకున్నాడు. ఆయన చుట్టిన దేశాలన్నీ అయ్యేసరికి మిగిలినవాళ్లు గబగబా రెండు ముక్కలు చెప్పి చేతులు ముట్టుకుంటూ వచ్చారు. ఈలోపు మసాలా వాసన హాల్లోకి పోయింది. వదినె వంతు వచ్చింది. ఆమె ఒక్క గుక్కలో స్తోత్రాలు చెప్పేసి, అవ్వ చేతిని ముట్టుకోకుండానే, చివర అందరూ కలిసి చెప్పే పరలోక ప్రార్థన ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. ఆమెన్ అన్నారు, లేచారు, ప్లేట్లు పట్టుకున్నారు.

అవ్వ అట్లాగే ఉంది. తల మీద కొంగు, మూసిన కళ్లు. మోకాలి మీద కుడిచెయ్యి అరచేయి పైకి పెట్టి, వదినె వైపు కాస్త చాపి, ముట్టుకుంటారని ఎదురుచూస్తోంది. ఆమె ముందు నుంచే మనుషులు ప్లేట్లతో నడిచి వెళ్తున్నారు. ఒకామె చీర కుచ్చిళ్లు ఆ చేతికి తగిలాయి. అవ్వ పెదవులు కదిలి, చేతి స్పర్శ కాదని తెలిసి మళ్లీ ఆగిపోయాయి. ఆసుపత్రిలో నేను ఎన్నో చూశాను. ఆ చేతిని మాత్రం చూడలేకపోయాను.

నేను గంజు ముందుకు వచ్చి, వడ్డించే గంటె చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ముందు ప్లేటు చాపింది వదినే.

"అవ్వ వంతు కాలే. అయ్యేదాంక ఎవ్వలకు వడ్డియ్య," అన్నాను.

సంఘ పెద్ద దగ్గరికి వచ్చి, దేవుడు హృదయాన్ని చూస్తాడని, పెద్దమ్మ మనసులో చేసుకునే ఉంటుందని నచ్చజెప్పబోయాడు. అయ్యగారు తన ప్లేటు మీద ఉన్న పువ్వు బొమ్మను చూస్తూ ఉండిపోయారు. బగారన్నం మీద భక్తి అన్న మాట నేను అప్పుడే అన్నాను. ఇంకా కొన్ని అన్నాను, అవి రాయను. వదినెకు మొహం ఎర్రబడింది.

"పెద్దమ్మకు ఇనవడదు గదా. అయిపోయిందో కాలేదో ఆమెకేం ఎర్క?" అంది.

"చెవులు పోయినయ్, చెయ్యి పోలే. నువ్వు ముట్టకనే గదా అట్ల కూసున్నది. పోయి ముట్టు."

వదినె ఎడమచేతిలో ప్లేటుతోనే వెళ్లి, కుడిచేత్తో అవ్వ అరచేతిని ముట్టుకుంది. అవ్వ ఆ చేతిని వదల్లేదు. పట్టుకునే మొదలుపెట్టింది.

ఆమె గొంతు చిన్నది, తొందర లేనిది. వారమంతా పేర్చుకున్న వరుసలోనే వచ్చింది. సంఘ పెద్ద కాలి పుండు మానాలని అడిగింది. అయ్యగారి పిల్లల చదువు మధ్యలో ట్రాన్స్‌ఫర్ రాకూడదని అడిగింది. గోడవారన నిలబడ్డ ఒక్కొక్కరినీ ఇంటివాళ్లతో సహా తలుచుకుంది. వదినె దగ్గరికి వచ్చేసరికి, కొడుకు పోయినప్పటి నుంచి ఈ బిడ్డ ఇంట్లో ఒక్కతే తినలేకపోతోందని, ఆమె పొయ్యి ఎప్పుడూ నలుగురి కోసం వెలగాలని అడిగింది. ఇది నేను చెప్పిన సంగతి కాదు. అవ్వ తనంతట తానే తెలుసుకున్నది. వదినె ఎడమచేతిలోని ప్లేటును మంచం మీద పెట్టేసింది. అయినా నాకు జాలి కలగలేదు. ఎవరు నోరు కదుపుతారో, ఎవరు గడియారం చూస్తారో, అందరినీ ఒక్కొక్కరిగా కాపలా కాస్తున్నాను.

చివరికి నా దగ్గరికి వచ్చింది.

"తండ్రీ, నా బిడ్డ ఉన్నది. నన్ను ఎత్తుతది, దించుతది, కడుగుతది. నా గురించి లోకంతోటి కొట్లాడుతది. దాని కోపం దానికుండనీ, అది లేకుంటె బతకది. జర కండ్లు మూసుకునెటట్టు చెయ్యి. గిప్పుడు గూడ తెరుచుకునే ఉన్నది."

అందరూ నా వైపు చూశారు. అంటే అందరి కళ్లూ తెరిచే ఉన్నాయన్నమాట. ఆ ఇంట్లో మూసి ఉన్నవి అవ్వ కళ్లు మాత్రమే.

ఆమెన్ అని, అవ్వ వదినె చేతిని వదిలి, రెండో పక్కకు చెయ్యి చాపింది. నేను అక్కడ కూర్చుని ఉంటాననుకుంది. ఖాళీ దిండును తడిమి, ఇంకాస్త ముందుకు చాపి, ఆగింది. నా చేతిలో గంటె ఉంది. దాన్ని గంజు మీద పెట్టి, వెళ్లి మంచం మీద కూర్చున్నాను. అవ్వ నా చేతిని ముట్టుకుంది. వాళ్ల మీద నా కోపం రవ్వంత కూడా తగ్గలేదు. కళ్లు మాత్రం మూసుకున్నాను.