వేట కాలంలో ఈశాన్యం మూల

ఆ రాంచ్ మేం కొనలేదు. ధర కుదరలేదని మా ఆయన అందరికీ చెప్తారు. అడిగినవాళ్ళు తలాడిస్తారు. నేను కూడా పక్కన నిలబడి తలాడిస్తాను. అసలు సంగతి ధర కాదు.

అమ్మకానికి పెట్టిన ఆ భూమి ఫోటోలు ఫోన్‌లో చూసిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా అన్నం తిన్నది లేదు. అమెరికాలో మేముండే బెంటన్‌విల్ నుంచి కారులో వెళ్ళాలి, కొండల మధ్య. ఒకవైపు గడ్డి పెంచే పొలం, పశువుల కొట్టాలు, చెరువు. మిగతాదంతా అడవి, అడవి చివర వాగు. సాగుకూ వేటకూ అనువైన భూమి అని ప్రకటనలో రాశారు. ఆయన కళ్ళకు సాగు మాత్రమే కనిపించింది, నాకు వేట మాత్రమే కనిపించింది. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఏదైనా చక్కగా పనిచేస్తోందని ఎవరైనా చెప్తే, అది ఎక్కడ విరుగుతుందో వెతకడానికే నాకు జీతం ఇస్తారు. ఇంట్లో ఆ పనికి జీతం లేదు, విసుక్కోవడాలు మాత్రం బోలెడు.

ఆఫీస్‌లో ఆయనతో పాటు పనిచేసే వరంగల్ స్నేహితుడితో కలిసి కొనాలని ఆలోచన. వీసా మీద బతికేవాళ్ళం, ఉద్యోగం పోతే పెట్టె సర్దుకోవాల్సినవాళ్ళం, మనకు ఆవులెందుకండీ అని అడిగాను.

“భూమి ఎక్కడికీ పోదు కదే” అన్నారు.

“భూమి పోదు. మనమే పోతాం” అన్నాను. దానికాయన టీవీ సౌండ్ పెంచారు.

భూమి అమ్మిపెట్టే ఏజెంట్ మమ్మల్ని శనివారం మధ్యాహ్నం రమ్మంది. జింకల వేట సీజన్ నడుస్తోందనీ, అడవిని వేటగాళ్ళకు లీజుకి ఇచ్చారనీ, పొద్దున పూట వాళ్ళు లోపలే ఉండి మధ్యాహ్నానికి బయటికి వస్తారనీ చెప్పింది. ఎందుకైనా మంచిది, అందరూ ఆరెంజ్ రంగు వేసుకుని రండి అని కూడా చెప్పింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. నేను విన్నాను, ఆయనా విన్నారు.

కానీ స్నేహితుడు పంచాంగం చూశాడు. శనివారం తొమ్మిది దాటితే రాహుకాలం, దాని వెనకే వర్జ్యం. కొనబోయే భూమి మీద మొదటి అడుగు మంచి ఘడియలో పడాలి. అన్నిటికంటే ముందు ఈశాన్యం మూల చూడాలి, అక్కడ నేల పల్లంగా ఉండి నీళ్ళు ఉంటే ఇక తిరుగులేదు. కాబట్టి పొద్దున్నే వెళ్ళి ఆ మూల చూసేసి, ఏజెంట్ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు గేటు దగ్గర నిలబడాలని ఇద్దరూ తీర్మానించారు.

“మరి ఆరెంజ్ బట్టలో?” అన్నాను.

“అవి వేటాడేవాళ్ళకి. మనం వేటకి వెళ్తున్నామా ఏంటి?”

శుభమా అని భూమి చూడబోతున్నాం కదా, మా ఆయన తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నారు. నేనిచ్చిన స్వెటర్ కారులోనే వదిలేశారు.

మేం వెళ్ళేసరికి గేటు తీసే ఉంది. లోపల బురద పట్టిన ట్రక్కులు వరసగా ఆగి ఉన్నాయి, మనిషన్నవాడు లేడు. స్నేహితుడికి మోకాలి నొప్పి. అతను గేటు దగ్గరే నిలబడి, ఫోన్‌లో దిక్కులు చూసి, ఈశాన్యం ఆ చెట్ల వెనకాలని చెయ్యి చాపాడు. మా ఆయన, ఆ మూల కొట్టాలని తెచ్చిన కొబ్బరికాయ నా చేతిలో పెట్టి నడక మొదలుపెట్టారు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, బ్రౌన్ జాకెట్ తగిలించుకుని, “అమ్మా, క్రీక్ చూసి వచ్చేస్తా, ప్లీజ్!” అంటూ వాగు కోసం ఆయన వెనకాల పరుగెత్తింది. నేను పిలిచాను. ఆగలేదు. తెల్లచొక్కా, బ్రౌన్ జాకెట్ గడ్డిపొలం దాటి చెట్లలోకి వెళ్ళిపోయాయి.

కాసేపటికి మొదటి తుపాకీ పేలింది.

“ఏం కాదమ్మా, అది చాన దూరంకెల్లి వస్తున్నది” అన్నాడు స్నేహితుడు. ఏం కాదు అనే మాటంటే నాకు ఒళ్ళు మంట. ఎంత దూరమో అతనికేం తెలుసు? అతనికి తెలిసింది దిక్కు ఒక్కటే. ఫోన్ చేశాను, సిగ్నల్ లేదు. మళ్ళీ చేశాను. ఈలోగా ఇంకోటి పేలింది. ఈసారి స్నేహితుడు కూడా ఫోన్ కలపడం మొదలుపెట్టాడు.

గడ్డిపొలం మీదుగా చిన్న బండిలో ఒక ముసలాయన వచ్చాడు. ఆరెంజ్ కోటు, ఆరెంజ్ టోపీ. ఆ భూమి ఆయనదే. మధ్యాహ్నం కదా రావాలి అనబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. మా ఆయనా పాపా లోపల ఉన్నారని చెప్పాను.

“ఏం రంగు వేసుకున్నారు?” అని అడిగాడు.

“ఆయన తెలుపు. పాప బ్రౌన్.”

దేవుడా అన్నాడు ముసలాయన. జింక పారిపోయేటప్పుడు తోక ఎత్తుతుందనీ, తోక అడుగున తెల్లగా ఉంటుందనీ, వేటగాళ్ళు చెట్లలో వెతికేది ఆ తెలుపునేననీ బండి తిప్పుతూ చెప్పాడు. నేను పక్కన ఎక్కి కూర్చున్నాను. కొబ్బరికాయ ఎక్కడ పడేశానో నాకు తెలియదు.

అడవి అంచు దాకా హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా నడిపాడు. అక్కడ దారి లేదు, బండి ఆగిపోయింది. హారన్ మాత్రం ఆపలేదు. నేను పాపను పిలుస్తూ అరిచాను. అప్పుడు దగ్గర్లోనే వెంటవెంటనే రెండు పేలాయి. ముసలాయన చెయ్యి హారన్ మీదే బిగుసుకుపోయింది.

ఆ తర్వాత ఏమీ లేదు. పేలితే భయం, పేలకపోతే అంతకంటే భయం. ముందు మా ఆయన్ని తిట్టుకున్నాను. రాహుకాలాన్ని తిట్టాను, ఈశాన్యాన్ని తిట్టాను, పంచాంగం రాసినవాడిని తిట్టాను. తర్వాత ఏడుకొండలవాడితో బేరం పెట్టాను. ఇద్దరూ ప్రాణాలతో వస్తే చాలు స్వామీ, రాంచ్ కొనుక్కోమను, ఆవులు కాదు ఏనుగుల్ని కొనుక్కోమను, నోరెత్తితే ఒట్టు అన్నాను.

చెట్ల మధ్య ఆరెంజ్ రంగు కదిలింది. ఒక వేటగాడు, కుర్రవాడే, తుపాకీని నేల వైపు దించి పట్టుకుని వస్తున్నాడు. అతని మొహం మా అందరికంటే పాలిపోయి ఉంది. వెనకాల మా అమ్మాయి. దాని వెనకాల మా ఆయన.

దాన్ని పట్టుకుని తల, చేతులు, వీపు అన్నీ తడిమాను. ఎక్కడా రక్తం లేదు. మొహం నుంచి మోకాళ్ళ దాకా మట్టి, ఎండుటాకులు. మా ఆయన మోచేతులు దోక్కుపోయాయి. చొక్కా ముందు భాగం నల్లటి బురద. వీపు మాత్రం ఇస్త్రీ మడత చెదరకుండా తెల్లగా ఉంది. అది చూశాక, నోటి దాకా వచ్చిన తిట్లన్నీ ఎటు పోయాయో.

“నాన్న నా మీద పడుకున్నారమ్మా” అంది మా అమ్మాయి. “సో హెవీ! లేస్తా అంటే లేవనివ్వలేదు. నాన్న అరుస్తూనే ఉన్నారు, మనుషులం, మేం మనుషులం అని. తెలుగులో! వాళ్ళకి తెలుగు రాదు కదా. సో నేను అరిచాను. పీపుల్, వుయ్ ఆర్ పీపుల్ అని. అప్పుడు స్టాప్ చేశారు.”

ఆయన వైపు చూశాను. పదహారేళ్ళుగా ఈ దేశంలో పొద్దస్తమానం ఇంగ్లీష్‌లో మీటింగులు నడిపే మనిషి.

“ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదే” అన్నారు.

అమ్మాయి గడ్డం పట్టుకుని, నా చున్నీ కొసతో దాని నోరు తుడిచాను. పళ్ళ మధ్య అంతా మట్టే.