హెలిప్యాడ్ పక్కన సమాధుల పండుగ

అది ఎన్నికల ఏడాది, చలి అప్పుడప్పుడే మొదలైంది. నేను రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుని. చేవెళ్ల సభకు వచ్చే ఒక పెద్ద నాయకుడి కోసం మొయినాబాద్ వైపు హెలిప్యాడ్ వేయించడం నా పని. ఆ ప్రయాణం మీద తర్వాత విచారణ జరిగింది, నేనూ వాంగ్మూలం ఇచ్చాను. ఇన్నాళ్లూ రహస్యమన్న ఆ కాగితాలు ఈ మధ్యే బయటపెట్టారు కాబట్టి ఇప్పుడు నోరు విప్పుతున్నాను.

అక్కడి హిమాయత్‌నగర్ ఊరి అవతల ఖాళీ జాగా దొరికింది. ఏఎస్ఎల్, అంటే భద్రతా సిబ్బంది, పోలీసులు, మేము కలిసి ముందుగా చేసే తనిఖీ, అదీ అయిపోయింది. తీగలు, చెట్లు, పశువులు అన్నీ చూసుకున్నాం. సున్నంతో పెద్ద ‘హెచ్’ గీయించాను. ముందురోజు సాయంత్రం గాలి ఎటు వీస్తోందో తెలియడానికి పొగ పెట్టించాను. నారింజ రంగు పొగ పల్చటి మంచులో కలిసి, తొందరేమీ లేనట్టు, పక్కనున్న క్రైస్తవుల సమాధుల తోట మీదికి వెళ్లింది. అక్కడ ఆడవాళ్లు సమాధులకు సున్నం వేస్తున్నారు. పొగలో వాళ్లు తేలుతున్నట్టే కనిపించారు. పని మరిచి అలాగే చూస్తూ నిలబడిపోయాను.

శాంతమ్మ అనే ఆమె సున్నం చేతులతోనే నా దగ్గరికి వచ్చింది.

“సారూ, రేపు మా సమాధుల పండుగ. పొద్దుగూకంగ పూలు పెట్టి కొవ్వొత్తులు ముట్టిస్తం. మీ హెలికాప్టర్ గాలికి ఒక్కటన్న నిలుస్తదా?”

“అది దిగినంక ముట్టించుకోరాదక్కా?”

“మీ సారు ఎప్పుడొస్తడో మీకే ఎర్క లేకపాయె. మా ఆయన పోయినంక ఇదే మొదటి పండుగ. ఆయనకు చీకటంటే భయముండె సారూ.”

అంత తనిఖీలో రేపేం రోజని మాలో ఒక్కరూ అడగలేదు. ఛీ అనిపించింది. హెలిప్యాడ్ చోటు మారుద్దామని బందోబస్తు చూస్తున్న ఏసీపీ గారికి ఫోన్ చేశాను.

“పిచ్చి లేసిందా? ప్లాన్ పైదాకా పోయింది.”

“నేనే మార్చమన్న అని రాసుకోండి సార్.”

కాసేపు తిట్టి ఒప్పుకున్నారు. మర్నాడు చిన్న మంగళారం దగ్గర ఇంకో ‘హెచ్’ గీశాం. అక్కడి దారి ఇరుకు, కార్లు మెల్లగా నడిచాయి. నాయకుడు సభకు ఆలస్యమయ్యారు. విచారణ అందుకే.

“సమాధులకేం భద్రతయ్యా?” అన్నారు విచారణాధికారి.

“సమాధులకు కాదు సార్, కొవ్వొత్తులకు,” అన్నాను. మెమో ఇచ్చారు.

మొన్న ఆ కాగితాల్లో నా మాటల కిందే పైలట్ వాంగ్మూలం చదివాను. దారిలో కింద మసకలో చిన్న చిన్న వెలుగులు కనిపించాయట. అవేమిటని నాయకుడు అడిగితే తెలియదన్నాడట. ఎందుకో ఎత్తు పెంచాలనిపించి పెంచాడట.

ఇప్పుడు ఎక్కడ జాగా చూసినా ముందు ఊళ్లోకి వెళ్లి, ఇక్కడ రేపేముందని అడుగుతాను. మెమో సంగతి అలా ఉంచితే, శాంతమ్మ భర్తను ఆ సాయంత్రం చీకట్లో ఉంచనందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.