బొట్టుబిళ్ళలు అంటించిన ఆరు బ్యాటరీలు

ఆరేళ్ల కిందట, శ్రావణమాసంలో ఒక శుక్రవారం, మద్రాసు పెరంబూరులోని ఒక కల్యాణ మండపంలో నాకు డ్యూటీ పడింది. ముహూర్తం ఉదయం తొమ్మిది దాటాక. నా హోదా క్యాండిడ్ ఫోటోగ్రాఫర్. పెళ్ళిఫోటోల పనిలో రెండు పదవులుంటాయి. వేదిక ఎదురుగా నిలబడి ప్రతి తంతునీ, ప్రతి బంధువునీ వరసగా తీసేవాళ్ళను ట్రెడిషనల్ అంటారు. పక్కల నుంచి, స్తంభాల చాటు నుంచి, ఎవరికీ తెలియకుండా తీసేవాళ్ళను క్యాండిడ్ అంటారు. మొదటివాళ్ళు "ఇటు చూడండి" అని అరుస్తారు. రెండోవాళ్ళు ఎవరూ ఇటు చూడకూడదని మొక్కుకుంటారు.

ఇప్పుడు నేనా పనిలో లేను. పాప పుట్టాక మానేశాను. నా వయసు ముప్పై రెండు, పింఛను లేదు, వీడ్కోలు సభ కూడా జరగలేదు. అయినా మా ఆయన ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "రిటైర్డ్ ఫోటోగ్రాఫర్" అనే చెబుతాడు. పాపను గంటసేపు పార్కుకు తీసుకెళ్ళడానికి నేను సర్దే సంచి చూసి పక్కింటావిడ ఒకసారి, "ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అని అడిగింది. పాలసీసాలు మూడు, బట్టలు అయిదు జతలు, జ్వరం మందు రెండు సీసాలు. తల్లినయ్యాక ఇలా తయారయ్యానని మా అమ్మ అనుకుంటుంది. కాదు. ఈ జబ్బు పాపకంటే పాతది. పాప లేచేలోగా దాని చరిత్ర రాసి పెట్టాలని కూర్చున్నాను.

మా టీముకు పెద్ద మునిరత్నం అన్న. తొండియార్‌పేటలో పుట్టి పెరిగినవాడు. తాతల కాలం నుంచీ వాళ్ళది మద్రాసే. నేను పెళ్ళయి గుంటూరు నుంచి వచ్చినదాన్ని. ఆయన వాడేది లోపల అద్దం ఉన్న పాత తరహా కెమెరా. నాది అద్దం లేని మిర్రర్‌లెస్. తేడా ఏమిటంటే, అద్దం కెమెరాలో కన్ను పెడితే ఎదురుగా ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోటో ఎలా వస్తుందో తీశాకే తెలుస్తుంది. మిర్రర్‌లెస్‌లో కన్ను పెట్టే చోట చిన్న తెర ఉంటుంది. వెలుతురు ఎక్కువైందా, రంగు పచ్చబారిందా, అంతా నొక్కకముందే చూపిస్తుంది. గ్యాస్ కట్టేశానా లేదా అని మెట్లు దిగాక రెండుసార్లు వెనక్కొచ్చే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? కెమెరా కొన్న మొదటి నెల ఇంట్లో టమాటాలను, మా ఆయన చెవిని, బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్ళను ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. అంత సంతోషంగా నేను మరే వస్తువునూ వాడలేదు.

అయితే ఆ చిన్న తెర ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి కాబట్టి బ్యాటరీ త్వరగా తాగేస్తుంది. మునిరత్నం అన్నకు ఇది పెద్ద వినోదం.

"ఏమ్మా, అది కెమెరానా, పసిబిడ్డనా? గంటకొకసారి పాలు పట్టాల్నా?" అనేవాడు. "నాది చూడు. ఒక బ్యాటరీతో రెండు పెండ్లిండ్లు చేస్తాది."

దానికి జవాబుగా నేను ఆరు బ్యాటరీలు సమకూర్చుకున్నాను. రెండు కెమెరా కంపెనీవి. నాలుగు అదే కొలతతో వేరేవాళ్ళు చేసినవి. ఈ రెండో రకంతో ఒక చిక్కుంది. ఎంత చార్జ్ మిగిలిందో కెమెరాకు అవి నిజం చెప్పవు. సగం ఉందని చూపిస్తూ చూపిస్తూనే ఉన్నట్టుండి కన్ను మూస్తాయి. ఈ సంగతి నాకు తెలుసు. తెలుసు కాబట్టే సగం అని చూపించగానే తీసేసి ఇంకోటి వేసేదాన్ని.

వాడిన బ్యాటరీని, నిండుదాన్ని వేరు చెయ్యడానికి వృత్తిలో ఒక పాత పద్ధతి ఉంది. నిండువాటి రాగిపళ్ళు, అంటే కెమెరాకు తగిలే లోహపు ముక్కలు, పైకి, ఖాళీవాటివి కిందికి ఉండేలా సంచిలో పెట్టుకోవాలి. చీకట్లో కూడా వేలితో తడిమితే తెలుస్తుంది. అన్న నాకు మొదటిరోజే నేర్పాడు. నాకది చాలలేదు. పొరపాటున తిరగబడితే? అందుకని నా బొట్టుబిళ్ళల అట్ట తీసి, నిండువాటికి ఎర్రబిళ్ళ అంటించాను. సగంలో తీసినవాటికి ఎర్రది పీకి ఆకుపచ్చ బిళ్ళ. పూర్తిగా అయిపోయినవాటికి ఏమీ లేదు. రాగిపళ్ళ పద్ధతి మానేశాను, ఇంతకంటే మంచిది కనిపెట్టానుగా.

లెన్సులు రెండు. ముప్పై అయిదు మిల్లీమీటర్లది ఒకటి, ఎనభై అయిదుది ఒకటి. ముప్పై అయిదుతో దగ్గర నిలబడి నలుగురినీ ఒక ఫోటోలో పట్టవచ్చు. ఎనభై అయిదు దూరం నుంచి ఒక్క మొహాన్ని పట్టి, వెనకదంతా వెన్నలా కరిగిస్తుంది. ఏది ముందు కొనాలో తేల్చుకోవడానికి నాలుగు నెలలు, ఒక నోటుబుక్కు పట్టాయి. చివరికి రెండూ కొన్నాను. కొన్నాక ఎనభై అయిదును కెమెరా నుంచి తియ్యడం మానేశాను, మారిస్తే లోపలికి దుమ్ము పోతుందని.

ఆ శుక్రవారం పెళ్ళికూతురి తండ్రి ఈశ్వరయ్య గారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, సూపర్‌వైజరుగా పదవీ విరమణ చేసినవాడు. ఏడు గంటలకు కాఫీ గ్లాసులు తనే పట్టుకొచ్చి మా దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు వెయ్యి ఫోటోలు తియ్యి, తియ్యకపో. నాకు ఒకటే కావాల. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒకటి. మా పెండ్లిలో సరిగ్గా ఆ టయానికి రీలు అయిపాయ. ఫోటో తీసే ఆయప్ప కొత్త రీలు ఏసుకునేలోపల అయ్యోరు తాళి దగ్గరికి పొయినాడు. ముప్పై ఏండ్లుగా ఈమె నన్నే అంటా ఉండాది, నేనే రీలు అయినట్టు."

వెనకాలే వచ్చిన ఆయన భార్య రుక్మిణమ్మ గారు, "అనక? ఫోటో తీసినోడు నీ స్నేహితుడు కదా. ఆడ ఇంకో స్టూడియో ఉండాదని చెప్పినా, విన్నావా?" అంది.

తమిళుల పెళ్ళిలో తాళి కట్టడమే ముహూర్త సమయం. మన పెళ్ళిలో జీలకర్ర బెల్లం. వధూవరుల మధ్య తెర పట్టి, ఒకరి తలమీద ఒకరు ఆ ముద్ద పెట్టుకునే క్షణమే పెళ్ళి. మద్రాసులో చాలామంది ఫోటోగ్రాఫర్లు తాళి కోసం ఊపిరి బిగబట్టి, దీన్ని తేలిగ్గా వదిలేస్తారు. తెలుగు పెళ్ళిళ్ళకు మునిరత్నం అన్న నన్ను తీసుకెళ్ళేదే అందుకు. తెలుగమ్మాయి, మర్చిపోదు అని.

"ఈ కెమెరాలో రీలు ఉండదండీ. అయిపోయే ప్రశ్నే లేదు," అన్నాను ఈశ్వరయ్య గారితో.

"బ్యాటరీ?"

నడుముకు కట్టుకున్న చిన్న సంచి చూపించి, "ఆరున్నాయండీ," అన్నాను. ఆ గొంతులోని ధీమా తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"ఆరా! మా షాపులో ఇంజనుకు కూడా అన్ని స్పేర్లు ఇచ్చినోడు లేడు," అని తృప్తిగా వెళ్ళిపోయాడు.

తెర పట్టడానికి ముందు అన్న నా దగ్గరికి వచ్చి, "ముప్పై అయిదు ఏసుకో. జనం మీద పడతారు. వెనక్కి పొయ్యేదానికి జాగా ఉండదు," అని చెప్పి వేదిక ముందుకు వెళ్ళాడు. నేను తల ఊపాను. లెన్సు మార్చలేదు. హోమగుండం పొగ, పసుపు, అక్షింతలు గాల్లో ఉన్నప్పుడు కెమెరా తెరవడమా?

పెళ్ళికొడుకు వైపున, కొంచెం పక్కగా చోటు సంపాదించాను. నా ఎదురుగా తెర, తెర మీదుగా పెళ్ళికూతురి తల, ఆమె వెనక ఈశ్వరయ్య గారు. పురోహితుడు గడియారం చూశాడు. నాదస్వరం వాళ్ళు గట్టిమేళం కోసం బుగ్గలు నింపుకున్నారు. కెమెరా అప్పుడే సగం చార్జ్ అని చూపించింది, మార్చే వ్యవధి లేదు. కన్ను పెట్టాను. కెమెరాలోని చిన్న తెర నల్లబడింది.

వేరేవాళ్ళ బ్యాటరీ. దాని స్వభావం అది. నేను కంగారు పడలేదు, ఆరు ఉన్నాయి కదా. సంచి జిప్పు లాగాను.

శ్రావణమాసపు మద్రాసు ఉక్కలో, తెల్లవారుజాము నుంచీ నా నడుముకు అంటుకుని ఉన్న ఆ సంచిలో బొట్టుబిళ్ళల జిగురు కరిగిపోయింది. ఒక ఎర్రబిళ్ళ జిప్పుకు అంటుకుంది. రెండు సంచి గుడ్డకు. ఒక బ్యాటరీకి ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఉన్నాయి. మిగతావాటికి ఏమీ లేవు. ఏది నిండు, ఏది సగం, ఏది ఖాళీ? రాగిపళ్ళు ఒక్కోటి ఒక్కో దిక్కుకు చూస్తున్నాయి.

మొదటిది వేశాను. చచ్చి ఉంది. రెండోది. అదీ అంతే. చేతుల చెమట, మొహం చెమట. పురోహితుడు పెళ్ళికొడుకు చేతిని పైకెత్తించాడు. అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"పంతులు గారూ, ఒక్క నిమిషం ఆపండి!"

ఆయన మంత్రం ఆపకుండానే నావైపు తిరిగి, ఊపిరి తీసుకునే సందులో, "నేను ఆగుతాను తల్లీ. ముహూర్తం ఆగుతుందా?" అని మళ్ళీ మంత్రంలోకి వెళ్ళిపోయాడు.

గట్టిమేళం మొదలైంది. మూడో బ్యాటరీ వేశాను. ఖాళీదే. కానీ కాసేపు విశ్రాంతి తీసుకున్న ఖాళీ బ్యాటరీకి ఒక్కోసారి చివరి ఊపిరి ఉంటుంది. కెమెరా వెలిగింది. నొక్కాను. ఒక్క ఫోటో పడింది. ఆరిపోయింది. నాలుగోది నిండుదే. దాన్ని వేసేసరికి తెర దించేశారు. అందరూ నవ్వుకుంటున్నారు, అక్షింతలు పడుతున్నాయి.

మునిరత్నం అన్న వైపు చూశాను. పెళ్ళికూతురి మేనమామ సరిగ్గా ఆ క్షణానికి ఫోను ఎత్తుకుని ఆయన ముందు నిలబడ్డాడు. అన్న ఫోటోలో మేనమామ వీపు చాలా స్పష్టంగా వచ్చింది. మా వీడియో అతను పక్కనుంచి తీసినదాంట్లో తెర గుడ్డే ఉంది.

ఇలాంటప్పుడు వృత్తిలో ఒక మార్గముంది. తంతు అయ్యాక ఒకసారి చేతులు అలాగే పెట్టించి తీస్తారు. చాలా ఇళ్ళ గోడలమీద ఉన్న తాళి ఫోటోలు అలా తీసినవే. అన్న మెల్లగా ఈశ్వరయ్య గారిని అడిగాడు.

ఆయన, "వద్దుప్పా. అయిపొయినదానికి మళ్ళా నాటకం ఏల? ముప్పై ఏండ్ల కిందట ఆయప్ప కూడా ఇదే అడిగినాడు. అప్పుడూ వద్దన్నా," అన్నాడు. నావైపు తిరిగి, "ఒకటైనా పడిందా మా?" అన్నాడు.

"ఒకటి పడిందండీ," అన్నాను. అది ఎలా పడిందో చూసే ధైర్యం ఇంకా చెయ్యలేదు.

రుక్మిణమ్మ గారు నా మొహం వంక పరిశీలనగా చూసి, "చెంపకు ఆ పచ్చబొట్టు ఏంది పాపా? దిష్టి కోసమా?" అని అడిగింది. చెమట తుడుచుకున్నప్పుడు అంటుకున్న ఆకుపచ్చ బిళ్ళ. తీసేశాను. మిగతా పెళ్ళంతా నిండు బ్యాటరీతో, చక్కగా తీశాను. అంత చక్కగా తీసిన ఫోటోల్లో ఎవరికీ అవసరమైనది ఒక్కటీ లేదు.

భోజనాల వేళ స్టోరు గదిలో అన్న, నేను ఆ ఫోటో చూశాం. మిర్రర్‌లెస్ కెమెరాలు మనుషుల కళ్ళను వెతికి వాటిమీద ఫోకస్ నిలుపుతాయి. గొప్ప సౌకర్యం. పెళ్ళికూతురు తల వంచుకుంది కాబట్టి ఆమె కళ్ళు కనిపించలేదు. కెమెరా ఇంకా వెతికి, వెనక బాగా తెరుచుకుని ఉన్న రెండు కళ్ళను పట్టుకుంది. ఈశ్వరయ్య గారివి. ముందున్న తల, చెయ్యి, జీలకర్ర బెల్లం అంతా వెన్నలా కరిగిపోయాయి, ఎనభై అయిదు పని అదే. మధ్యలో ఆయన, నోరు తెరుచుకుని, కూతుర్ని కాదు, అల్లుణ్ణి కాదు, బ్యాటరీలు మారుస్తున్న నన్నే భయంగా చూస్తున్నాడు. ప్రతి కనుబొమ్మ వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు.

అన్న చాలాసేపు చూసి, "మంచి ఫోటో మా," అన్నాడు. "వేరే పెండ్లిలో అయింటే."

ఆల్బమ్ ఇవ్వడానికి నేనే వెళ్ళాను. అన్న పంపలేదు, నేనే వెళతానన్నాను. ఆ ఫోటో తీసెయ్యమని అన్న చెప్పినా, నేను మొదటి పేజీల్లోనే పెట్టించాను. దాచిపెడితే ఇంకా భయం. ఈశ్వరయ్య గారు పేజీలు తిప్పుతూ అక్కడ ఆగాడు. రుక్మిణమ్మ గారు ఆయన భుజం మీదుగా వంగి చూసింది.

"మన పెండ్లిలో నువ్వుండావు, జీలకర్ర బెల్లం ఫోటో లేదు," అంది. "దీంట్లో జీలకర్ర బెల్లం ఫోటో ఉండాది, జీలకర్ర బెల్లం లేదు, మళ్ళా నువ్వే ఉండావు. ఇంక నేనెవుర్ని అనాల?"

"నన్నే అను," అన్నాడాయన. "అలవాటే కదా."

ఆవిడ ఆ ఫోటో పెద్దది చేయించమంది. ఎందుకని ఆయన అడిగితే, "ఈసారి రుజువుండాది," అంది. దాన్ని గోడకు తగిలించారని తర్వాత అన్న చెప్పాడు. నేను చూడటానికి వెళ్ళలేదు.

ఆ వారమే బొట్టుబిళ్ళలన్నీ పీకేశాను. వేరేవాళ్ళ బ్యాటరీలు నాలుగూ పక్కన పెట్టి, కంపెనీది ఇంకొకటి కొని, మూడుతో సరిపెట్టుకున్నాను. రాగిపళ్ళు పైకి, రాగిపళ్ళు కిందికి, అంతే. తెర పట్టడానికి పది నిమిషాల ముందు, కెమెరా ఎంత చార్జ్ చూపించినా సరే, నిండుది వేసి, ముప్పై అయిదు లెన్సు పెట్టి, కళ్ళు వెతికే ఫోకస్‌ను ఆపేసేదాన్ని. సగం వాడినదాన్ని భయంతో తీసి సంచిలో వేస్తే, తర్వాత అది నిండుదో కాదో తేల్చుకోవడానికి ఇంకో భయం కావాలి. అదనపు సరుకు ఎంత ఉందన్నది కాదు, అడిగిన క్షణానికి ఏది పనికొస్తుందో చేతికి తెలియాలి. పాప సంచి విషయంలో ఈ పాఠం ఇంకా అమలు కాలేదని ఒప్పుకుంటున్నాను. పని విషయంలో అయింది. ఆరు బ్యాటరీలు మోసిన రోజున ముహూర్తాన్ని ఆపమని అడిగాను. మూడు మోసిన నాలుగేళ్ళలో ఏ పురోహితుణ్ణీ ఏమీ అడగలేదు.