రుబ్బురోలూ ఏడో ప్రశ్నా

అరవై ఎనిమిది వేసవిలో నాకు పచ్చకామెర్లు వచ్చాయి. ఉద్యోగం బొంబాయిలో ఉంచి, రోగాన్ని మాత్రం వెంటబెట్టుకుని ఇంటికొచ్చాను. విజయనగరం నుంచి రామతీర్థం వెళ్ళే దారిలో మా ఊరు. డాక్టరు కదలొద్దన్నాడు. నేల ఉసిరి పసరు తాగిస్తూ నాయనమ్మ కూడా అదే మాట అంది. కదలకుండా ఉండడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాని విద్య. మంచం మీంచి అరుగు మీదకీ, అరుగు మీంచి పెరట్లోకీ తిరుగుతూ, పచ్చటి కళ్ళతో కోళ్ళను బెదిరించేవాణ్ణి.

కాలు నిలవకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నా సంచిలో పదకొండు ప్రశ్నల కాగితం ఉంది.

మా ఆఫీసులో ఒకే ఒక కంప్యూటరు. దాని గది మా ఇంటి కన్నా పెద్దది, చల్లనిది. లెక్కలవాళ్ళూ, వాతావరణంవాళ్ళూ లెక్కలు చిల్లులుగా పొడిచిన కార్డుల కట్టలు పట్టుకుని దాని ముందు వరస కట్టేవారు. ఆ ఒక్క యంత్రమే నలుగురికి నాలుగు యంత్రాల్లా కనిపించాలనీ, ఎవరికి వారు ఇదంతా నాదే అనుకోవాలనీ, పైన ఒక ప్రోగ్రాము కూర్చుని ఆ పంపకాలు చూసుకోవాలనీ మా పైఅధికారి ఆశ. ప్రోగ్రాము రాసేవాళ్ళు వేరే ఉన్నారు. వాడుకునేవాళ్ళు దాన్ని ఏమేం కోరవచ్చో, ఏమీ కోరకుండా గడి ఖాళీగా వదిలేస్తే ఏమనుకోవాలో తేల్చడం నా పని. మెమరీ ఎంత కావాలి? టేపు కావాలా? తొందర పని వస్తే మీది మధ్యలో ఆపొచ్చా? ఇలాంటివి పదకొండు. కాగితం నెలాఖరుకి చేరాలనీ, నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తామనీ, లేకపోతే మళ్ళీ ఆలోచిద్దామనీ ఆయన ఉత్తరం రాశాడు. మళ్ళీ ఆలోచించడం అంటే ఏమిటో ఉద్యోగాలు పోయినవాళ్ళని అడిగితే చెబుతారు.

నేను ఏడో ప్రశ్న దగ్గర చిక్కుకున్నాను. ఒకరి పని అయ్యాక, ఇంకొకరు కూర్చునే ముందు, మొదటివారి అంకెలను మెమరీలోంచి తుడిచెయ్యాలా? తుడిస్తే ప్రతిసారీ కొంత టైము పోతుంది. పైఅధికారికి వేగమంటే ప్రాణం. అందుకని కావాలన్నవాళ్ళకే తుడుద్దాం, గడి ఖాళీగా ఉంటే వద్దు అని రాశాను. రాసి కొట్టేశాను. కొట్టేసి మళ్ళీ రాశాను.

ఇక మా ఇల్లు. ఒక కప్పు కింద మూడు పొయ్యిలు: పెద్దమ్మది, అమ్మది, పిన్నిది. వేరుపడ్డాక కూడా ఉమ్మడిగా మిగిలింది పెరట్లో రుబ్బురోలు ఒక్కటే. సాయంత్రం అయ్యేసరికి ముగ్గురూ గిన్నెలతో దాని చుట్టూ చేరేవారు.

"నాది పిడికెడు పప్పే అక్కా, ఇట్టే అయిపోతాది," అనేది పిన్ని.

"నీ పిడికెడు నాకు తెల్దేటి? నిన్న పొద్దుగూకీదాకా తిప్పినావు," అనేది పెద్దమ్మ.

నలుగురికి ఒక యంత్రం పంచబోయే మొనగాణ్ణి, ముగ్గురికి ఒక రోలు పంచలేనా అనిపించింది. కాగితం మీద గడులు గీసి గోడకి అంటించాను. ఏం రుబ్బుతారు, ఎంత, మధ్యలో ఆపొచ్చా, రోలు కడగాలా. చదువొచ్చిన పిన్ని గుమాస్తా. నాన్న వాచీ పెట్టుకుని నేను అధికారి.

"ఒరే, మజ్జలో ఆపడం అంటే ఏటిరా?" అని పెద్దమ్మ అడిగింది.

"నువ్వు రుబ్బుతుండగా అమ్మకి తొందర పని వస్తే నువ్వు లేవాలి."

"నానెందుకు లెగుస్తాను? మీయమ్మేటి, కలెక్టరా?"

"ఆపకూడదని రాయి పిన్నీ," అన్నాను.

కడగాలా అన్న గడి ముగ్గురి వరసల్లోనూ ఖాళీగానే మిగిలింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఎండుమిరపకాయలూ చింతపండూ రుబ్బి, చేత్తో తీసినంత తీసుకుని లేచింది. నా ఇడ్డెన్ల కోసం నానబోసిన మినప్పప్పుతో అమ్మ వచ్చి, నీళ్ళ చెంబు అందుకోబోయింది.

"అక్కా, నీ గడి కాళీగా ఉన్నాది. కడగక్కర్నేదంట," అని పిన్ని గోడ చూపించింది.

అమ్మ నా వైపు చూసింది. నేను వాచీ చూస్తున్నాను. "టైము పోతోందమ్మా," అన్నాను. కొడుకు చదువు మీద గౌరవంతో అమ్మ చెంబు కింద పెట్టేసింది.

మర్నాడు ఇడ్డెన్లు లేత గులాబీ రంగులో వచ్చాయి. పచ్చకామెర్లవాడు రంగుల గురించి మాట్లాడితే ఎవరూ నమ్మరు కనుక నోరు మూసుకుని తిన్నాను. మూడు వారాలుగా కారం ఎరగని నాలుక. రెండో ముక్కకే నూతి దగ్గరికి పరిగెత్తాను. కదలొద్దని చెప్పడం ఆ రోజు అందరూ మర్చిపోయారు.

పెద్దమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, గుంటడికి నాను ఇసం పెట్టినానని ఊరంతా అంటాదే!"

"ఊరికింకా తెలీదు పెద్దమ్మా. నువ్వు కొంచెం మెల్లగా ఏడు," అన్నాను మజ్జిగ పుక్కిలిస్తూ.

నాయనమ్మకి చదువు రాదు. గోడ మీద కాగితం పిన్ని చేత మొత్తం చదివించుకుంది. చివరి ప్రశ్న దగ్గర నా వైపు తిరిగింది.

"కడగాలా వద్దా అని అడుగుతారేటిరా ఎవులైనా?"

"ముందు రుబ్బినవాళ్ళు శుభ్రంగా తీసేస్తే..."

"తీసిందో నేదో నీకేటి తెల్సు? దాని కారం అది తీసుకుపోయింది. మిగిలింది నువ్వు తిన్నావు. ఇంక దాన్ని అడిగితే ఏటి సెప్తాది? కూకున్న పెతీసారీ కడగడవే. మిగతాయి ఎన్నైనా అడుగు, ఇది అడక్కు." పసరు గ్లాసు చేతికిచ్చి వెళ్ళిపోయింది.

గ్లాసు పట్టుకుని పెరడంతా తిరిగాను. ఏడో ప్రశ్నకి జవాబు రాసేది ఒకడు, నోరు మండేది వేరొకడికి. లెక్కలవాడు గడి ఖాళీగా వదిలేసి ఇంటికి పోతాడు. వాడి అంకెలు వాతావరణంవాడి వానలో కలుస్తాయి. ఈ ప్రశ్న అసలు ఉండకూడదు. ఎవరినీ అడగకుండా ప్రోగ్రామే ప్రతిసారీ తుడిచెయ్యాలి. కానీ అలా చేస్తే వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే పైఅధికారి మళ్ళీ ఆలోచిస్తాడు. అలా ఎన్ని చుట్లు తిరిగానంటే కోళ్ళు నన్ను చూసి భయపడడం మానేశాయి.

చివరికి ఏడో ప్రశ్న తీసేసి కాగితం తిరగరాశాను. కారణం కూడా రాద్దామని కలం పట్టేసరికి పోస్టుమాను సైకిలు గంట వినిపించింది. ఆరు తరవాత నేరుగా ఎనిమిది ఉన్న కాగితాన్నే కవర్లో పెట్టి ఇచ్చేశాను. సైకిలు మలుపు తిరిగిన దగ్గర నుంచీ పశ్చాత్తాపం మొదలైంది.

ఆరో రోజున టెలిగ్రాము వచ్చింది. మా ఊళ్ళో టెలిగ్రాముకి ఒకటే అర్థం. విప్పకముందే పెద్దమ్మ శోకం అందుకుంది. ఎవరు పోయారో తెలీదు కనుక, ఎవరి పేరూ పెట్టకుండా మొత్తం మీద ఏడ్చింది. పిన్ని ఇంగ్లీషు కూడబలుక్కుని చదివింది: ఏడో ప్రశ్న కనపడలేదు, వెంటనే తెలుపు.

"ఏడోది పోయిందంట అక్కా."

"ఓలమ్మ! మిగతాయన్నీ బాగున్నాయా?" అంది పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

బస్సెక్కి విజయనగరం పోస్టాఫీసుకి పోయాను. ఫారం మీద మూడే ముక్కలు రాశాను: అడగక్కర్లేదు. ప్రతిసారీ కడుగుతాం. ఆలస్యానికి బాధ్యత నాది. గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు. తలెత్తి నా పచ్చటి కళ్ళు చూశాడు.

"బాబూ, మీతో ఎవులైనా పెద్దోళ్ళు వచ్చినారా?" అని మెల్లగా అడిగాడు.

ఆ తరవాత నేను తిరిగిన తిరుగుడికి మా పెరట్లో బాట పడింది. జవాబు ఉత్తరంగా వచ్చింది కనుక పెద్దమ్మ ఏడవలేదు. ఉద్యోగం ఖాయం చేశారు. కింద చేత్తో రాసిన వాక్యం: "తుడవడానికి పట్టే టైము ఎవరి వంతులోంచి పోతుందని వాతావరణంవాళ్ళు ఇప్పుడే తగువు పెట్టారు. వచ్చి నువ్వే చెప్పుకో."

నాయనమ్మకి చదివి వినిపించాను.

"తగువాడుకోనీ. నోరు మండీకంటే నయం," అంది.

గోడ మీద కాగితం అప్పటికే లేదు. పెద్దమ్మ దాంట్లో మిరపకాయలు పొట్లం కట్టింది. పెరట్లో ముగ్గురూ గిన్నెలతో నిలబడి ఉన్నారు; పిన్నిది పిడికెడు పప్పేనట. ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాను. కళ్ళింకా కొంచెం పచ్చగానే ఉన్నాయి. వాతావరణంవాళ్ళు వాటిని చూసి భయపడినా మంచిదే అనుకున్నాను.