కీబోర్డు చాటున

మా చర్చిలో ప్రభు భోజనం నాడు కీబోర్డు వాయించేవాడు అందరికన్నా ఆఖర్న సంస్కారం తీసుకోవాలి. ఎవరు పెట్టారో తెలియదు కానీ తెనాలిలో మా చర్చికి అదే ఆనవాయితీ. జనం వరుసల వారీగా లేచి వెళ్ళి, బలిపీఠం ముందున్న కొయ్య కమ్మీ దగ్గర మోకరిస్తారు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం తీసుకుని వెనక్కి వస్తారు. అంతసేపూ పాట ఆగకూడదు. చివరి వరుస లేచేటప్పుడు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నా వంక చూస్తారు. అప్పుడు నేను వాయించడం ఆపి వెళ్ళాలి.

చాలాకాలం నేను వెళ్ళలేదు. ఆయన చూసే సమయానికి కళ్ళు మూసుకుని ఇంకో చరణం ఎత్తుకునేవాణ్ణి. జనం పాడుతుంటే ఆపడానికి ఆయనకు మనసొప్పేది కాదు. కాసేపు చూసి రొట్టె పళ్ళెం మీద తెల్లగుడ్డ కప్పేసేవారు. ఆరాధన అయ్యాక పెద్దవాళ్ళు నా భుజం తట్టి, "పాటలో పడితే నీకు లోకం గుర్తుండదయ్యా" అని మెచ్చుకునేవాళ్ళు. నేను తల వంచుకుని నవ్వేవాణ్ణి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే అదే. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సంస్కారానికి ముందు అయ్యగారు ప్రతిసారీ హెచ్చరిస్తారు, ఎవరిని వాళ్ళు పరీక్షించుకుని రమ్మని. నన్ను నేను పరీక్షించుకోవడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. నోరు వాసన చూసుకుంటే చాలు.

శనివారాలు బాపట్ల దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణించి ఆటోలో సూర్యలంక చేరేవాణ్ణి. అక్కడ ఒక రిసార్టులో మా ఆర్కెస్ట్రా సినిమా పాటలు వాయించేది. గుంటూరు నుంచీ మా తెనాలి నుంచీ వచ్చినవాళ్ళు ఇసకలో గెంతేవాళ్ళు, ఈలలు వేసేవాళ్ళు, మళ్ళీ అదే పాట కావాలని అరిచేవాళ్ళు. చర్చిలో ఎంత బాగా వాయించినా ఎవరూ ఈల వెయ్యరు కదా. ఆ ఈలలంటే నాకు పిచ్చి. సముద్రపు గాలికి గొంతు పట్టేస్తుందని ఎవరో గ్లాసు అందిస్తే మొదటిసారి తాగాను. పాడేవాడికైతే గొంతు పట్టేస్తుంది, వాయించేవాడి వేళ్ళకు గొంతెక్కడిది? తాగాలనుకున్నాను, తాగాను. తర్వాత ఎవరూ అందించాల్సిన అవసరం కూడా లేకపోయింది. మొదట్లో పాటల వల్లే చెడిపోయానని పాటల మీద నెపం పెట్టేవాణ్ణి. పాటలేం చేశాయి పాపం.

మా ఆవిడ చర్చిలో ఆడవాళ్ళ రెండో వరుసలో కూర్చుంటుంది. సంస్కారానికి మాత్రం తన వరుసతో వెళ్ళకుండా చిట్టచివరి వరుసతో వెళ్ళేది. వెనక కూర్చునే ముసలమ్మలను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తోంది కాబోలనుకునేవాణ్ణి. అంతకుమించి ఆలోచించే తీరిక నాకు లేదు. నా దొంగతనం నాకు సరిపోయింది.

ఒక వేసవిలో మా మామగారు పోయారు. ఆయన రేపల్లె దగ్గర ఒక పల్లెలో ఉపదేశి. పాస్టరు రాలేని వారాల్లో ఆరాధన నడిపేవారు. నాకు హార్మోనియం నేర్పింది ఆయనే. నా చేతివేళ్ళు చూసి కూతుర్నిచ్చానని నవ్వుతూ చెప్పుకునేవారు. ఆయన జ్ఞాపకార్థ కూడిక ఆ పల్లెలో వాళ్ళింటి ముందు షామియానా వేసి, ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. ముందురోజు శనివారం. చెప్పడానికి నోరు రావడం లేదు కానీ, ఆ శనివారం కూడా నేను సూర్యలంక మానలేదు.

రేపల్లెలో దిగేసరికి తల దిమ్ముగా ఉంది. మా ఆవిడ నమలమని నా చేతిలో రెండు యాలక్కాయలు పెట్టింది.

నా కీబోర్డులో ఒకటో మీట ప్రార్థన పాటలకి, రెండో మీట ఆటపాటలకి అమర్చుకున్నాను. రెండోది నొక్కి ఎడమచేతి మెట్లు తాకితే చాలు, దరువు దానంతటదే మొదలవుతుంది. కూడికలో మామగారిని తలుచుకుని అందరినీ కాసేపు మౌనంగా ఉండమన్నారు. ఆ మౌనం వెనక సన్నగా ఒక స్వరం వినిపించడం నా పని. నా వేలు రెండో మీట నొక్కింది.

షామియానా అదిరిపోయేలా తీన్మార్ మోగింది. కంగారులో ఆపే మీట బదులు ఇంకేదో నొక్కాను, దరువు ఇంకా రెచ్చిపోయింది. వెనక ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. చివరికి ప్లగ్గు పీకేశాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది.

భోజనాల దగ్గర మా అత్తగారు నా పక్కకొచ్చి, మజ్జిగ పోస్తూ అన్నారు:

"మా అల్లుడు తాళం తప్పడని ఆయన ఊరంతా చెప్పుకునేవారు బాబూ. ఇవాళ కూడా తాళం తప్పలేదులెండి. ఆయన ఉంటే అదే అందురు."

నా పరువు కాపాడదామనే అన్నారావిడ. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

తిరుగు రైల్లో, తెనాలి దగ్గరపడ్డాక మా ఆవిడ అంది:

"మీరు తాగారని కాదండి నా ఏడుపు. అవి మా నాన్న నేర్పిన చేతులు."

ఇక మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. అక్కడితో మారిపోయానని రాస్తే ఎంత బాగుండేది! కుక్క తోక వంకర అని ఊరికే అన్నారా. తర్వాతి శనివారం సాయంత్రం మళ్ళీ బాపట్లలో రైలు దిగాను, మళ్ళీ తాగాను. మర్నాడే సంస్కారం.

ఆ ఆదివారం అన్నీ మామూలుగానే జరిగాయి. వరుసలు లేచాయి, వచ్చాయి. నేను వాయిస్తున్నాను. ఆఖరి వరుస వెళ్ళేసరికి, ఇంకో చరణం ఎత్తుకుందామని కళ్ళు మూసుకోబోతుండగా కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంది. పంకాలు, మైకు, నా కీబోర్డు, అన్నీ ఒక్కసారే ఆగాయి.

పాట మాత్రం ఆగలేదు. జనం పాడుకుంటూ పోయారు, నేను లేకుండానే. నేనే వీళ్ళని నడిపిస్తున్నానని అన్నాళ్ళూ అనుకున్నాను! అయ్యగారు నా వంక చూశారు. మూసుకోవడానికి కళ్ళున్నాయి కానీ వాయించడానికి ఏమీ లేదు. కమ్మీ దగ్గర ముసలమ్మల వరుస లేచి వెనక్కి వచ్చేసింది. మా ఆవిడ ఒక్కతే లేవలేదు. ఎడమవైపు మోకరించే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు.

వెళ్ళాను. కుడివైపు మోకరించాను. సరిగ్గా అప్పుడే పాట అయిపోయింది. ఇంకో చరణం ఎత్తుకునేవాడు లేడు మరి, వాడు ఇక్కడ మోకాళ్ళ మీద ఉన్నాడు.

అయ్యగారు రొట్టె పట్టుకొచ్చారు. నా చెయ్యి లేవలేదు.

"నేను తగనండి అయ్యగారూ. రాత్రి కూడా తాగాను."

గొంతు తగ్గించే అన్నాను. పంకాలు కూడా తిరగడం లేదు, చర్చి అంతా విన్నది. అన్నాళ్ళూ నా భుజం తట్టినవాళ్ళందరూ విన్నారు. భూమి చీలితే బాగుండుననిపించింది.

"తగినవాళ్ళకే అయితే ఈ పళ్ళెంలో ఒక్క ముక్కా తగ్గేది కాదు బాబూ," అన్నారాయన. "చెయ్యి చాపు."

చాపాను. ఎన్నో ఏళ్ళుగా నేను వాయిస్తున్న పాటల్లోని క్షమాపణ నాక్కూడానని ఆ రోజు నమ్మాను. ఏడ్చాను. పక్కన మా ఆవిడ కూడా ఏడుస్తున్నట్టు వినబడింది కానీ అటు చూడడానికి ముఖం చెల్లలేదు. తిరిగి వచ్చేసరికి కరెంటు వచ్చింది. కీబోర్డు లైట్లు వెలిగాయి. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, అందరితోపాటు నోటితోనే పాడాను. నా గొంతేమీ బాగుండదు.

సూర్యలంకకు వేరేవాణ్ణి చూసుకోమని ఆర్కెస్ట్రావాళ్ళకు చెప్పాను. శనివారం సాయంత్రాలు నరకంలా ఉండేవి. ఒకసారి జారాను కూడా. ఆ మర్నాడు పొద్దున్నే ముందు మా ఆవిడకూ, తర్వాత అయ్యగారికీ చెప్పాను. చెప్పడం తాగినంత తేలిక కాదు. ఇప్పటికీ చర్చిలో ఎవరైనా నా వాయింపు బాగుందంటే తల ఎత్తలేను.

ఆ తర్వాత వచ్చిన సంస్కారం నాడు నేను వాయిస్తూ ఆడవాళ్ళ వైపు చూస్తున్నాను. రెండో వరుస లేచింది. మా ఆవిడ కూడా లేచి, వాళ్ళతోపాటే వెళ్ళి, సంస్కారం తీసుకుని, వచ్చి తన చోట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది. నేను వస్తానో రానో అని ఆఖరి వరుస దాకా ఆగలేదు.